పాత పేటను కొత్తగా కట్టుకోవాలంటే ఎలాంటి ఆర్కిటెక్ట్ కావాలి? కర్నూలు వన్‌టౌన్ నుంచి ఒక పోలిక

మా అంగడి కర్నూలు వన్‌టౌన్‌లో, పెద్ద మార్కెట్‌కు నడిచిపోయేంత దూరంలో ఉంది. మా తాత పెట్టింది. మా వీధి, దాని చుట్టూ ఉన్న సందులు అన్నీ కలిపి కొత్తగా ప్లాన్ చేయించుకుందామని రెండేళ్ళ కిందట మేమంతా ఒక సంఘం పెట్టుకున్నాం. పాత మిద్దెలు కొన్ని ఇవాళో రేపో అన్నట్టున్నాయి, ఫైరింజన్ దూరలేని సందులున్నాయి, మురుగు కాలువకు వాలు లేదు. ఎవరికి వాళ్ళు విడివిడిగా కట్టుకుంటూ పోతే ఇంకో ముప్పై ఏళ్ళకు కూడా ఇదే ఇరుకు. అందరూ కలిస్తేనే రోడ్డుకు జాగా వస్తుంది, కాలువకు వాలు వస్తుంది. ఇళ్ళు ఉన్నవాళ్ళనే కాదు, బాడుగకు ఉన్నవాళ్ళను, తోపుడుబండ్ల మీద అమ్ముకునేవాళ్ళను కూడా సంఘంలో చేర్చుకున్నాం. అంతవరకు బాగానే జరిగింది. ఆర్కిటెక్ట్‌ని ఎంచుకునే దగ్గర మాత్రం ఏడాదికి పైగా పట్టింది. ఒక ఇంటికి ప్లాన్ గీయించుకోవడం మాలో అందరికీ తెలుసు, ఒక పేటకు గీయించుకోవడం ఎవరికీ తెలియదు.

ఆ ఏడాదిలో తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కడపలోనో అనంతపురంలోనో ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళకు పనికొస్తుంది. కార్పొరేషన్ వాళ్ళే ఇలాంటి పని మొదలుపెట్టి మీ అభిప్రాయం అడిగితే అప్పుడూ పనికొస్తుంది.

నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది మొదటే చెప్తాను. ఖాళీ జాగాలో ఊరు కట్టే ఆర్కిటెక్ట్ వేరు, జనం కాపురం ఉన్న చోట ఊరిని మార్చే ఆర్కిటెక్ట్ వేరు. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం ఏ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్ అని ఊరి బయట వేశారు, ఇప్పటికీ ఆ పేర్లతోనే పిలుస్తున్నాం. అది ఖాళీ జాగాలో చేసిన పని, గీత గీస్తే గీసినట్టే రోడ్డు పడుతుంది. వన్‌టౌన్‌లో గీత గీస్తే అది ఎవరో ఒకరి వంటింట్లోంచి పోతుంది. కాబట్టి ఇక్కడ అసలు డిజైన్ బిల్డింగ్ ఎలా కనిపిస్తుందన్నది కాదు. ఏ ఇల్లు ముందు తీస్తారు, ఆ ఇంట్లోవాళ్ళు ఎక్కడ తలదాచుకుంటారు, ఎన్ని నెలలు, ఆ బాడుగ ఎవరు కడతారు, తిరిగి వచ్చేది ఏ వీధికి, ఏ అంతస్తుకి, అంగడి మూసిన రోజుల్లో బతుకు ఎలా గడుస్తుంది. ఈ వరసను గీయగలిగినవాళ్ళే ఈ పనికి తగినవాళ్ళు. మేము మార్కులు వేసినప్పుడు దీనికే ఎక్కువ వేశాం.

ముందు ఎవరు ఏం చేస్తారో తెలుసుకోండి

ఆర్కిటెక్ట్ అన్నది చట్టం కాపాడుతున్న పేరు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్ళే ఆ పేరు వాడుకోవాలి. వాళ్ళ నంబరు సీఏ అన్న అక్షరాలతో మొదలవుతుంది, తర్వాత సంవత్సరం, ఆ తర్వాత వరస సంఖ్య ఉంటాయి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. అయితే 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, చట్టం కాపాడేది ఆ పేరునే గానీ డిజైన్ చేసే పనిని కాదని చెప్పింది. అంటే ఆర్కిటెక్ట్ అన్న పేరు పెట్టుకోకుండా డిజైనర్ అనో కన్సల్టెంట్ అనో బోర్డు పెట్టుకుని ఇదే పని చేసేవాళ్ళు ఉంటారు, అది నేరం కాదు. మన పనికి సంతకం పెట్టేది ఎవరు, ఆ మనిషి నంబరు ఎంత అని అడగాల్సిన బాధ్యత మనదే.

టౌన్ ప్లానర్ వేరు. ఏ జాగా దేనికి వాడాలి, రోడ్డు ఎంత వెడల్పు, జనం పెరిగితే నీళ్ళు ఎంత కావాలి అన్న లెక్కలు వాళ్ళవి. అర్బన్ డిజైనర్ అంటే ఆర్కిటెక్చర్ చదివాక వీధుల మీద, బిల్డింగుల మధ్య ఖాళీల మీద పై చదువు చదివినవాళ్ళు. ఇక ఎల్టీపీ అంటే మనందరికీ తెలిసిందే, మున్సిపాలిటీ లైసెన్సు ఉండి ఇంటి ప్లాన్ అప్రూవల్‌కు పెట్టేవాళ్ళు. ఒక ఇంటికైతే ఎల్టీపీ చాలు. ఒక పేటకు మాత్రం ఆర్కిటెక్ట్, ప్లానర్, డ్రైనేజీ తెలిసిన ఇంజినీర్, ఇంటింటికీ తిరిగి మాట్లాడగలిగిన మనిషి, ఈ నలుగురూ ఒకే జట్టులో ఉండాలి. ఒక్కరే అన్నీ చేస్తామంటే ఒప్పుకోకండి.

ఎన్ని రకాల ఆఫీసులు ఉన్నాయి, ఎవరు దేనికి పనికొస్తారు

ముంబై, ఢిల్లీ, అహ్మదాబాద్ లాంటి చోట్ల ఉన్న పెద్ద సంస్థలతో మొదలుపెట్టాం. వాళ్ళ బలం తక్కువ కాదు. వందల ఎకరాల పనులు చేసి ఉంటారు, ట్రాఫిక్ నుంచి చెట్ల వరకు ఒక్కో విషయానికి ఒక్కో మనిషి ఉంటారు, బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు వాళ్ళ రిపోర్టును నమ్ముతాయి. కానీ మాకు ఎదురైనది చెప్తాను. ఒక సంస్థ వాళ్ళు వచ్చి సినిమా లాంటి వాక్‌త్రూ చూపించారు, మా వీధిలో ఖర్జూర చెట్లు, అద్దాల అంగళ్ళు, తెల్లటి పేవ్‌మెంట్ మీద నడిచే మనుషులు. మా పక్కింటి పెద్దాయన లేచి, 2009 వరదలో ఇక్కడ నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో మీకు తెలుసా అని అడిగితే, ఆ రోజు వచ్చిన ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు, కానీ వచ్చే ముందు ఎవరినీ అడగలేదన్నది మాకు బాధ కలిగించింది. రెండో మీటింగ్‌కు మొదటిసారి వచ్చిన పెద్ద సారు రాలేదు, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన ఇద్దరు పిల్లలు వచ్చారు. పిల్లలు మంచివాళ్ళే, కానీ మనం డబ్బు ఇచ్చేది ఎవరి అనుభవానికి? పెద్ద సంస్థను తీసుకునేటట్టయితే ఏ మనిషి నెలకు ఎన్ని రోజులు మన ఊళ్ళో ఉంటారో పేరుతో సహా అగ్రిమెంట్‌లో రాయించండి. మనిషి మారితే మన ఒప్పుకోలు ఉండాలి. ఈ ఒక్క షరతు వింటేనే కొందరు వెనక్కి పోతారు. పోనివ్వండి.

ఇంజినీరింగ్ కన్సల్టెన్సీలు ఇంకో రకం. డీపీఆర్‌లు, అంటే పనికి వివరమైన ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసేవాళ్ళు. డ్రైనేజీ, ఎస్టిమేట్లు, టెండరు కాగితాలు వీళ్ళకు కొట్టిన పిండి, ధర కూడా తక్కువ. మనుషుల సంగతి దగ్గరే చిక్కు. ఒక సంస్థ మాకు నమూనాగా చూపించిన రిపోర్టులో మధ్య పేజీల్లో వేరే ఊరి పేరు అట్లాగే ఉండిపోయింది. అంటే ఆ పేజీలు ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో మీరే ఆలోచించండి. కాలువల పని, పైపుల పని మాత్రమే ఉంటే వీళ్ళు సరిపోతారు. పేట మొత్తం చేతికివ్వడానికి సరిపోరు.

మూడోది హైదరాబాద్, బెంగళూరుల్లో ఉండే మధ్యరకం ఆఫీసులు, పదిహేను నుంచి యాభై మంది వరకు పనిచేసేవి, అర్బన్ డిజైన్ ప్రత్యేకంగా చేసేవి. నాకు ఈ రకం మీద నమ్మకం కుదిరింది. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే పదకొండుకల్లా మన వీధిలో ఉంటారు. ఆఫీసు పెట్టినాయనే స్వయంగా వస్తారు, ఎందుకంటే ఇలాంటి పని వాళ్ళకు పెద్దది, మన పని చెడితే వాళ్ళ పేరు పోతుంది. బలహీనత ఏమిటంటే డబ్బు ఆలస్యమైతే తట్టుకోలేరు. ప్రభుత్వ బిల్లు ఆరు నెలలు ఆగితే మన ఫైలు కిందికి పోతుంది. ఇంకా ఒకేసారి రెండు పెద్ద పనులు ఒప్పుకుని ఉంటే మనకు మనుషులు దొరకరు, కాబట్టి ఇప్పుడు చేతిలో ఏమేం పనులున్నాయి అని మొహమాటం లేకుండా అడగండి.

ఊళ్ళో ఉన్న ఆర్కిటెక్టులను చాలామంది తీసిపారేస్తారు. అది తప్పు. రెండెకరాల లోపు, ఒకరిద్దరు యజమానులే ఉన్న పని అయితే నేను కళ్ళు మూసుకుని లోకల్ ఆర్కిటెక్ట్‌కే ఇస్తాను. మే నెలలో పడమటి గోడ ఎట్లా కాలుతుందో వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బేతంచర్ల నాపరాయి ఎక్కడ వాడితే నిలుస్తుంది, కడప బండ ఎక్కడ జారుతుంది, ఏ మేస్త్రి చేతిలో పని నిలుస్తుంది, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఫైలు ఏ టేబుల్ దగ్గర ఆగుతుంది, ఇవన్నీ తెలుసు. కానీ వందల మంది యజమానులు, వారసత్వ తగాదాలు, వక్ఫ్ జాగాలు, దేవాదాయ శాఖ జాగాలు కలిసిన పేట ప్లాన్ అనేది వాళ్ళలో చాలామంది చేసి ఉండరు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, ఊళ్ళోవాడు కాబట్టి ఒత్తిడి ఎక్కువ. ఫలానా వాళ్ళ బిల్డింగ్ తగలకుండా రోడ్డు కొంచెం వంచు అని ఇంటికి వచ్చి అడిగేవాళ్ళు ఉంటారు, కాదంటే రేపు అదే ఊళ్ళో బతకాలి.

కాలేజీలను కూడా మర్చిపోకండి. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వచ్చింది. ప్లాన్ బాధ్యత విద్యార్థులకు పెట్టకూడదు. ఇంటింటి సర్వే, పాత కట్టడాల కొలతలు, ఫోటోలు మాత్రం వాళ్ళు చేస్తే ఓపిగ్గా, బాగా చేస్తారు.

నీళ్ళు, ఊరేగింపులు, భాష

2009 అక్టోబర్ 2. ఆ రోజు కర్నూలులో ఉన్నవాళ్ళకు ఆ తేదీ చెప్తే చాలు. శ్రీశైలం డ్యామ్‌కు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, తుంగభద్ర పొంగింది, హంద్రీ నీళ్ళు తుంగభద్రలోకి దిగలేక ఊళ్ళోకి ఎదురు తన్నాయి. మా అంగట్లో పైఅరలో పెట్టిన సరుకు కూడా మిగలలేదు. కాబట్టి వచ్చిన ప్రతి ఆర్కిటెక్ట్‌నీ మేము అడిగిన మొదటి ప్రశ్న నీళ్ళ గురించే: ఆ మట్టం మళ్ళీ వస్తే మీ ప్లాన్‌లో మనుషులు ఎక్కడికి ఎక్కుతారు, కరెంటు మీటర్లు ఏ ఎత్తులో పెడతారు, సెల్లార్ ఉంటుందా? మా పేటలో సెల్లార్ పార్కింగ్ గీసుకొచ్చినవాళ్ళకు ఆ విషయంలో సున్నా మార్కులు వేశాం, ఇప్పటికీ అది సరైనదే అనుకుంటున్నాను.

హంద్రీ ఒడ్డు గురించి మాట్లాడితే చాలు, చాలామంది సబర్మతి రివర్‌ఫ్రంట్ ఫోటో తీస్తారు. అహ్మదాబాద్‌లో ఆ పని పెద్దదే, కాదనను. కానీ అక్కడ నదిని రెండు గోడల మధ్య ఒకే వెడల్పుకు కుదించారు, నీళ్ళు వాసణా బ్యారేజీ దగ్గర ఆపి, నర్మదా కాలువ నుంచి తెచ్చి నింపుతారు, ఒడ్డున ఉన్న వేల కుటుంబాలు ఖాళీ చేయాల్సి వచ్చింది. హంద్రీ అట్లాంటిది కాదు. ఏడాదిలో చాలా నెలలు సన్నగా పారి, ఒక్క రోజులో ఊరి మీదికి వచ్చే నది. దాన్ని కుదిస్తే ఆ నీళ్ళు మా ఇళ్ళలోకే వస్తాయి. ఆ ఫోటో చూపించిన ఆర్కిటెక్ట్‌ని, ఇక్కడ వెడల్పు తగ్గిస్తారా పెంచుతారా అని అడగండి. జవాబులోనే తెలిసిపోతుంది. కడపవాళ్ళు ఇదే ప్రశ్న బుగ్గవంక గురించి అడగాలి, 2020 నవంబర్‌లో నివర్ తుపానుకు ఆ వాగు పొంగి ఏం జరిగిందో గుర్తుంది కదా. అనంతపురంవాళ్ళు నడిమివంక గురించి అడగాలి. కరువు సీమ అని మనకు పేరు, అందుకే బయటివాళ్ళు మన ఊళ్ళకు వరద లెక్క వేసుకోకుండా వస్తారు. 2022 అక్టోబర్‌లో అనంతపురంలో మునిగిన కాలనీలను చూసినవాళ్ళు ఆ తప్పు చేయరు.

రెండో ప్రశ్న ఊరేగింపుల గురించి. వినాయక నిమజ్జనం రోజు విగ్రహాలు కేసీ కెనాల్ మీద వినాయక ఘాట్‌కు ఏ దారిలో పోతాయి, మొహర్రంకు పీర్లు ఏ చావిడి నుంచి లేస్తాయి, ఏ మలుపులో ఆగుతాయి. ఆ దారుల వెడల్పు, పైన వైర్ల ఎత్తు, మలుపుల కొలత ఇవన్నీ ప్లాన్‌లోకి రావాలి. ఒక ఆర్కిటెక్ట్ ఈ దారి గీసి చూపించమని తనే మమ్మల్ని అడిగారు. నాకు ఆయన మీద గౌరవం అప్పుడే కలిగింది.

మూడోది భాష. వన్‌టౌన్‌లో సగం మాటలు ఉర్దూలో నడుస్తాయి. ఇంగ్లీషులో పీపీటీ వేసి, ఏమైనా డౌట్స్ ఉన్నాయా అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. తెలుగులో, ఉర్దూలో కూర్చుని మాట్లాడగలిగిన మనిషి జట్టులో లేకపోతే, ఆ మనిషిని పెట్టుకుంటేనే పని అని చెప్పండి. మాతో నడవడానికి వచ్చిన ఒకావిడ, ఆర్కిటెక్టే, కూరగాయల బండి దగ్గర ఆగి, అమ్మా వాన పడితే బండి ఎక్కడ పెడతారు అని అడిగింది. యాడ పెడతా తల్లీ, ఆ సేటు అంగడి అరుగు మీదికి ఎక్కిస్తా, ఆయన ఏమనడు అంది ఆమె. ఆ అరుగు మా ఎవరి లెక్కలోనూ లేదు. కొత్త ప్లాన్‌లో అరుగులు తీసేసి షట్టర్లు రోడ్డు అంచుకు తెస్తే ఆ బండికి చోటు పోతుంది. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టమే వచ్చింది, వాళ్ళను లెక్కపెట్టి చోటు చూపించాలని అందులో ఉంది, కానీ చట్టం ఉందని అరుగు దానంతట అది రాదు కదా.

పురావస్తు శాఖ సంగతి కూడా తొందరగా తేల్చుకోండి. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల, హంద్రీ ఒడ్డున గోల్‌గుమ్మజ్ చుట్టుపక్కల పని అయితే ఈ గీతలు వేశాకే మిగతా ప్లాన్.

వరసను గీయమనండి

ముంబైలో భేండీ బజార్ సంగతి చూడండి. 16.5 ఎకరాలు, 250 దాకా పాత బిల్డింగులు, మూడు వేలకు పైగా కుటుంబాలు, వెయ్యికి పైగా అంగళ్ళు. అక్కడి బోహ్రా సమాజంవాళ్ళు 2009లో ట్రస్టు పెట్టి మొదలుపెట్టారు, పదేళ్ళు దాటినా ఇంకా పూర్తి కాలేదు. వాళ్ళు చేసిన ఒక మంచి పని, జనాన్ని లేపే ముందే వాళ్ళకు తాత్కాలిక ఇళ్ళు, అంగళ్ళకు వేరే చోటు చూపించడం. అంత డబ్బు, అంత కట్టుబాటు ఉన్న సమాజానికే ఇంత కాలం పట్టిందంటే, మూడేళ్ళలో అయిపోతుందని ఎవరైనా మనకు చెప్తే నమ్మొద్దు.

నాకు ఎక్కువ నచ్చింది గుజరాత్‌లోని భుజ్. 2001 భూకంపంలో పాత ఊరు కూలిపోయాక, అహ్మదాబాద్‌కు చెందిన ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్ కొలాబరేటివ్ అనే సంస్థ పాత కోట లోపలి వీధులకు టౌన్ ప్లానింగ్ స్కీములు వేసింది. అందరి జాగాలనూ కలిపి, రోడ్లకు కావలసినంత తీసుకుని, మిగిలింది మళ్ళీ పంచడం. చిన్న జాగా ఉన్నవాళ్ళ దగ్గర తక్కువ, పెద్ద జాగా ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకున్నారు. వీలైనంతవరకు పాత జాగా దగ్గరే కొత్త జాగా వచ్చేలా చూశారు. మన దగ్గర రోడ్డు వెడల్పు అంటే మార్కింగ్ వేసి, ఆ వరసలో ఉన్నవాడి ఇల్లు సగం కోసేసి, టీడీఆర్ బాండు (పోయిన జాగాకు బదులు వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు ఇచ్చే కాగితం) చేతిలో పెట్టడమే తెలుసు. రోడ్డు వల్ల లాభం వెనక వీధివాళ్ళకు కూడా ఉంటుంది, నష్టం మాత్రం ముందువరస వాళ్ళదే. అందుకే ప్రతి ఆర్కిటెక్ట్‌నీ అడిగాం, భారం అందరికీ పంచే పద్ధతిలో మీరు ఎప్పుడైనా పనిచేశారా, చేయకపోతే ఎలా చేస్తారు, రెండు పేజీల్లో రాసివ్వండి అని. బొమ్మలు వద్దన్నాం. ఆ రెండు పేజీలు చదివితే చాలు, సగం మంది అక్కడే తేలిపోయారు.

వాస్తు ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. జాగాలు కలిపి పంచినప్పుడు అందరికీ తూర్పు వాకిలి రాదు. దీన్ని ఎలా సర్దుతారు అని అడిగితే నవ్వేసేవాళ్ళు వద్దు. చెప్పినదానికల్లా సరే అనేవాళ్ళూ వద్దు. ఎవరికి ఏ ముఖం కావాలో ముందే రాసుకుని, పంపకంలో దాన్ని ఒక అంశంగా తీసుకుంటాను అన్న జవాబు మాకు నచ్చింది.

ఎంపిక పద్ధతి: పోటీయా, మార్కులా, తక్కువ ధరా?

తక్కువ కోట్ చేసినవాళ్ళకు ఇచ్చే ఎల్-1 పద్ధతి సిమెంటు కొనడానికి సరే, ఈ పనికి వద్దు. ప్లాన్ ఫీజులో మిగిల్చిన పది లక్షలు కట్టేటప్పుడు కోట్లలో పోతాయి.

మార్కులు, ధర రెండూ కలిపే పద్ధతి ఉంది, క్యూసీబీఎస్ అంటారు. ఇందులో అసలు కీలకం ఆ రెండిటి మధ్య నిష్పత్తి. ఒక ఊహా లెక్క చెప్తాను. ఒక ఆఫీసుకు పనితనంలో 90 మార్కులు, ఫీజు 60 లక్షలు. ఇంకో ఆఫీసుకు 70 మార్కులు, ఫీజు 40 లక్షలు. తక్కువ ధరకు 100 మార్కులు వేస్తారు, దాని ప్రకారం మొదటివాళ్ళకు ధరలో సుమారు 67. నిష్పత్తి 70:30 అయితే మొదటివాళ్ళకు 83, రెండోవాళ్ళకు 79, మొదటివాళ్ళే గెలుస్తారు. అదే 50:50 పెడితే మొదటివాళ్ళకు 78, రెండోవాళ్ళకు 85. మనుషులు వాళ్ళే, పని అదే, నిష్పత్తి మార్చితే ఫలితం తలకిందులైంది. కార్పొరేషన్ టెండరు పిలిచినా నోటీసులో ముందు ఈ అంకెలు చూడండి. ఢిల్లీలో సెంట్రల్ విస్టా పనికి 2019లో 80:20 నిష్పత్తితోనే అహ్మదాబాద్ హెచ్‌సీపీ సంస్థను తీసుకున్నారు, ఫీజు 229.75 కోట్లు. అంత పెద్ద పనికి బహిరంగ డిజైన్ పోటీ పెట్టలేదని ఆర్కిటెక్టులే చాలామంది అభ్యంతరం చెప్పారు.

పోటీ పెడితే? మంచి ఆలోచనలు వస్తాయి, కొత్తవాళ్ళకు అవకాశం వస్తుంది. అయితే పోటీలో గెలిచినంత మాత్రాన పని నడుస్తుందని లేదు. అమరావతి ప్రభుత్వ భవనాలకు మూడు పేరున్న సంస్థలను పిలిచి పోటీ పెడితే 2016 మార్చిలో జపాన్‌కు చెందిన మాకి అండ్ అసోసియేట్స్ ఎంపికైంది. తర్వాత వాళ్ళను పక్కన పెట్టి ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్‌ను తీసుకున్నారు. ఏళ్ళు గడిచాయి. మా పేట లాంటి చోటికి పోటీ సరిపోదని నా అభిప్రాయం, ఎందుకంటే పోటీలో ఆర్కిటెక్ట్ జనంతో మాట్లాడకుండానే బొమ్మ గీయాలి. ఒక్క మార్కెట్ బిల్డింగ్‌కో, ఒక పార్కుకో అయితే పోటీ పెట్టండి.

మేము చేసింది ఇది. ఎనిమిది మందిని రాతపూర్వకంగా అడిగి, నలుగురిని పిలిచి, ఒక్కొక్కరికీ రెండు రోజుల ఖర్చులు ఇచ్చి మా వీధుల్లో తిప్పాం. ఉచితంగా పని చేయించుకోకూడదు, ఎవరి శ్రమకైనా విలువ ఇవ్వాలి. రేటు కవర్లు చివర తెరిచాం. ఆ నలుగురూ ఐదేళ్ళ కిందట పూర్తి చేసిన ఒక్కో పని దగ్గరికి మా వాళ్ళు ముగ్గురు పోయి చూసొచ్చారు, ఆర్కిటెక్ట్ లేకుండా. అక్కడి అంగడివాళ్ళను, వాచ్‌మన్‌ను, పై అంతస్తులో ఉండే ముసలివాళ్ళను అడిగారు, వాన పడితే నీళ్ళు నిలుస్తున్నాయా, లిఫ్ట్ ఎవరు బాగు చేయిస్తున్నారు, పాతవాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారు అని. ఒక పని ఫోటోల్లో అద్భుతంగా ఉంది, పోయి చూస్తే పాత బాడుగదారుల్లో ఒక్కరూ లేరు.

డబ్బు, కాగితాలు

ఫీజును కట్టుబడి ఖర్చులో ఇంత శాతం అని మాట్లాడుకోకండి, కనీసం ప్లానింగ్ దశకు వద్దు. కట్టుబడి పెరిగితే ఫీజు పెరిగేలా పెట్టి, పొదుపుగా గీయమని అడగడం న్యాయం కాదు. సర్వే, రెండు మూడు ప్రత్యామ్నాయాలు, వరస ప్లాన్, అందరూ ఒప్పుకున్న తుది ప్లాన్, అప్రూవల్ కాగితాలు, ఇట్లా దశకు ఇంత అని మొత్తం మాట్లాడుకోండి. ప్రతి దశకూ డబ్బు సకాలంలో ఇవ్వండి, ఇచ్చినప్పుడే డ్రాయింగుల కంప్యూటర్ ఫైళ్ళు తీసుకోండి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే తర్వాత ఎవరూ మార్పు చేయలేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డిజైన్ మీద హక్కు సాధారణంగా గీసినవాళ్ళదే, కాబట్టి మధ్యలో విడిపోవాల్సి వస్తే ఆ డ్రాయింగులు మనం ఏ మేరకు వాడుకోవచ్చో అగ్రిమెంట్‌లో ముందే ఉండాలి. ఇది అనుమానంతో కాదు, ఇలాంటి పనులు ఏళ్ళ తరబడి సాగుతాయి, మనుషులు మారతారు, సర్కార్లు మారతాయి.

చివరకు మేము హైదరాబాద్‌లోని ఒక మధ్యరకం ఆఫీసును తీసుకున్నాం, కర్నూలు ఆర్కిటెక్ట్ ఒకరిని వాళ్ళకు భాగస్వామిగా పెట్టి, ఆయన ఫీజు ఎంతో విడిగా రాయించాం. లేకపోతే లోకల్ మనిషిని సంతకాలకే వాడుకుంటారు. కాలువల పనికి వేరే ఇంజినీర్. అందరికంటే తక్కువ ధర వాళ్ళది కాదు, రెండో ఎక్కువ ధర. సంఘంలో పదకొండు మంది వద్దన్నారు. వాళ్ళ అభ్యంతరాలు మినిట్స్‌లో పూర్తిగా రాసి, వాళ్ళలో ఇద్దరిని డబ్బు చెల్లించే కమిటీలో పెట్టాం.

ఇప్పుడు ఇంటింటి సర్వే నడుస్తోంది. గోడల మీద 2009 నీటి మరకల ఎత్తు కొలుస్తున్నారు, చాలా ఇళ్ళలో సున్నం వేసేశారు, కొన్ని చోట్లే మిగిలాయి. మీ ఇంట్లో, మీ బంధువుల ఇంట్లో ఆ మరక ఇంకా ఉంటే ఈ పండక్కి వెల్ల వేసే ముందు పక్కన టేపు పెట్టి ఫోటో తీసి, ఏ వీధి, ఏ ఇల్లు, నేల నుంచి ఎన్ని అడుగులు అన్నది వెనక రాసి దాచండి. కడపలో బుగ్గవంక పక్కన ఉన్నవాళ్ళు, అనంతపురంలో నడిమివంక పక్కన ఉన్నవాళ్ళు కూడా. రేపు మీ దగ్గరికి ఏ ఆర్కిటెక్ట్ వచ్చినా ముందు ఆ ఫోటోలు బల్ల మీద పెట్టండి.